పుల్లల లెక్క

"నీ వేళ్ళే మూడు, నిలువుగ పెట్టుకో" అంటది శుభాంగి బాయి.
సిరొంచ సర్కారు దవాఖాన, ఆయుర్వేదం గది,
బల్ల మీద ఇత్తడి కల్వం.
ఒక వేలు పోతది.
రెండోది పండ్లకు తాకి ఆగుతది.
ఆమె మరాఠీల ఏదో రాసుకుంటది.
నాకు చదువ రాదు గని
పెన్ను ఆగిన జాగ మాత్రం చదివిన.

ప్రాణహిత మీద పడవ నడిపిన నోరు ఇది.
"ఓ... ఒడ్డూ" అని పిలిస్తే
అవతలి రేవుల ఎడ్లు సుత చెవులు నిక్కపెట్టేటివి.
వంతెన పడ్డంక పడవను బోర్లిచ్చి
దాని వీపు మీదనే ఖర్రా దుకాణం ఏసిన.
సుపారి తునకలు, తంబాకు, సున్నం,
ప్లాస్టిక్ కాయితంల మడిచి
అరచెయ్యి కాలేదాక రుద్దుడు.
గిరాకికి రుద్దిన ప్రతి పొట్లంల
నాకొక చిటికెడు.
ఏండ్లు నేను లెక్కపెట్టలే.
దవడ పెట్టింది.

మొదలు కారం పోయింది.
లచ్చుబాయి నూరిన పచ్చిమిరప తొక్కు
నాలుకకు తాకితే నిప్పుకణిక.
నీ చెయ్యి మారిందే అని గిన్నె ఇసిరేసిన.
తర్వాత ఆవలింత పోయింది.
సగం దాక వచ్చి ఎనుకకు మళ్ళేది,
తలుపు మూసుందని వాకిట్లకెళ్ళి పోయిన సుట్టం తీరు.
జొన్నరొట్టె చిన్న చిన్న తునకలయింది.
బిడ్డ పెండ్లిల లడ్డు నోట్ల పెట్టబోతే
తల అడ్డం తిప్పిన,
అలిగిన్నని అనుకున్నరు.

"లోపల చెంప నార కట్టింది,
మోదుగేరు దంచి పేనిన తాడు లెక్క" అన్నది బాయి.
"తాడును తెంపద్దు. నానబెట్టాలె."

పొద్దుగాల త్రిఫల కషాయం, గోరువెచ్చగ,
పుక్కిట పట్టుకొని కూసో,
కండ్లల్ల ముక్కుల నీళ్ళు దిగేదాక ఉమ్మకు.
పసుపుల తేనె, నెయ్యి కలుపు,
రెండూ సమానం పోయకు, ఇసమైతది.
వేలితోటి చెంప లోపట మెల్లగ రుద్దు.
రాత్రికి ఇరిమేదాది నూనె.

రుద్దుడు నాకు కొత్తనా?
పన్నెండేండ్లు ఊరి దవడలకు రుద్దిన చెయ్యి
ఇప్పుడు నా దవడల తిరుగుతున్నది,
తప్పిపోయిన బర్రెను ఎతికినట్టు.

ఆఖరుకు ఐస్ పుల్లలు.
బస్టాండు కాడ కుల్ఫీ అమ్మే తుకారాం
కడిగి ఆరబెట్టి ఇచ్చిండు ముప్పై.
పండ్ల నడుమ పేర్చి, కండ్లు మూసుకొని
నూరు దాక అంకెలు.
పదకొండు పుల్లలతోటి మొదలైంది.
వారానికి ఒకటి ఎక్కాలె.
ఒక్కోవారం ఎక్కది.
ఒక్కోవారం దిగుతది సుత.

"మందు సగం, మానుడు సగం" అన్నది బాయి.
"మొత్తం తిరిగి రాదు, నీకు అబద్ధం చెప్ప.
తెల్లమచ్చ పుండయితే
నా కాడ కూసోకు, చంద్రపూర్ బస్సెక్కు."

నేను మానిన.
దుకాణం మానలే.

అంకీస కెళ్ళి వచ్చే పోరడొకడు,
మూతి మీద నూగు మీసం,
ఖర్రా అడిగితే అన్న: మూడు వేళ్ళు పెట్టు నోట్ల.
నవ్వుకుంట పెట్టిండు, నాలుగోది సుత పట్టింది.
"ఏంది కాకా, పందెమా?"
పొట్లం ఇచ్చిన. ఇరువై రూపాలు తీసుకున్న.
ఆ రాత్రి కషాయం పుక్కిట పట్టక ముందే
కండ్లల్లకు నీళ్ళు వచ్చినయి.

తెల్లారి పలక గుంజేసి
పడవను మల్లేసిన.
కట్టె పగిలి ఉన్నది. తారు కావాలె.
పొట్టకేందో ఇంకా ఎరుకలే.

మొన్న పుల్లలు పద్దెనిమిది.
బువ్వల తొక్కు రవ్వంత కలుపుకున్న, ఆవగింజంత.
మండింది.
మండనీ అని మింగిన.
"నీ చెయ్యి మారలేదే, లచ్చుబాయీ" అన్న.
ఆమె మాట్లాడలే.
పద్దెనిమిది పుల్లలు ఒడిల ఏసుకొని
మల్లొకసారి లెక్కపెడుతున్నది.